బెత్తెడు ఎడం

ఎనిమిదిన్నరకి కోర్టు గది తలుపు తెరుస్తారు. ఇప్పుడు ఎనిమిది కావడానికి అయిదు నిమిషాలుంది, పిల్లల వ్యాను ఇంకా రాలేదు. పొద్దున పొలాల మీద మంచు దట్టంగా దిగింది, వచ్చేటప్పుడు ఉల్లితోటల దగ్గర ముందు పోయే లారీ వెనక దీపాలు తప్ప నాకేమీ కనపడలేదు, వ్యాను కూడా ఆ దారినే రావాలి, మెల్లగా వస్తూ ఉంటుంది, మెల్లగా రావడమే మంచిది, లోపల పిల్లలున్నారు, కానీ మరీ మెల్లగా వస్తే ఆ పిల్లతో మాట్లాడే అయిదు నిమిషాలు కూడా నాకు మిగలవు. నా ఒళ్ళో పచ్చ అట్ట ఫైలు, ఫైల్లో వకాల్తా కాగితం, దాని మీద నా పేరు, అన్సెల్మో కంతూ, వకీలు, కింద ఒక ఖాళీ గీత. ఆ గీత మీద తొమ్మిదేళ్ళ హసింతా తన పేరు రాయాలి. లేదా జడ్జిగారు అడిగినప్పుడు, అవును, ఈయన నా తరఫున మాట్లాడతారు అని నోటితో చెప్పాలి. రెండింట్లో ఏదో ఒకటి జరిగితే నేను లేచి మూడు నెలల వాయిదా అడగగలను. ఏదీ జరగకపోతే ఆ పిల్ల బల్ల ముందు ఒక్కతే నిలబడుతుంది. పక్క బల్ల దగ్గర ప్రభుత్వ వకీలు ఉంటాడు, ఒక వాయిదా ఇచ్చారు కదా, ఇంకెన్నాళ్ళు అని కిందటిసారే అన్నాడు. చెడ్డవాడు కాదు, ఆయన బల్ల మీద కూడా కూతురి ఫోటో ఉంటుంది, ఆయన పని ఆయన చేస్తాడు. మూడు నెలలు చాలు నాకు. ఉత్తరాన కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే పిన్ని ఈ పిల్లని పెంచుకుంటానని కాగితాలు పెట్టింది, అవి అయ్యేదాకా చాలు. అవి కాకముందే వెనక్కి పంపమని తీర్పు వస్తే విమానం, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత కొండ మీద ఊరు, ఆ ఊళ్ళో మారుతండ్రి ఇల్లు. ఆ ఇంట్లో కాల్చిన గరిట గుర్తు పిల్ల ఎడమ భుజం మీద ఉంది. నేను చూడలేదు, డాక్టరు రాసింది చదివాను, గరిట కాడ ఎంత పొడుగో కూడా ఆవిడ కొలిచి రాసింది. తల్లి చచ్చిపోయింది, అమ్మమ్మ ఉన్నన్నాళ్ళు అడ్డం పడింది, అమ్మమ్మ కూడా పోయేముందు పొరుగింటివాళ్ళతో పిల్లని ఇటు పంపేసింది.

మళ్ళీ గడియారం చూశాను, రెండే నిమిషాలు గడిచాయి. నికానోర్ మెటల్ డిటెక్టరు పక్కన స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. అయిదో తరగతి నుంచి ఒకే బడి మాది, వాడి పెద్దకొడుకుని జ్ఞానస్నానానికి ఎత్తుకుంది నేనే, అప్పటి నుంచి నన్ను బావా అనే పిలుస్తాడు. పొద్దున నేను మెట్లెక్కేసరికి ఇంకా తాళం తీస్తున్నాడు.

"ఉద్యోగం పోయినవాడు పొద్దెక్కేదాకా పడుకోవాలి బావా. నాకంటే ముందొచ్చావేంటి?"

పడుకుంటే నడుం పట్టేస్తోందన్నాను.

"మళ్ళీ అదే టై. చెల్లెమ్మ పోయిన దగ్గర్నుంచీ అదే టై. మరకున్న వైపైనా లోపలికి తిప్పుకో."

తిప్పుకున్నాను. నా సంచీ తెరవమని అడగలేదు వాడు, బెల్టు విప్పమని అడగలేదు, రెండేళ్ళుగా అడగడం లేదు, నేను వంగి బూట్లు విప్పడం కష్టమని వాడికి తెలుసు, కానీ ఎప్పుడూ ఆ మాట అనడు, టై గురించి అంటాడు. మనుషులు చేసే మేలు చాలాసార్లు ఇలాగే పక్కదారిన వస్తుంది. నా భార్య ఒఫీలియా ఉంటే ఈ టైని చెత్తబుట్టలో వేసేది. నలభై ఏళ్ళు చిన్నపిల్లల బళ్ళో చెప్పిన మనిషి, ఎవరి చొక్కా మీద మరకున్నా ఊరుకునేది కాదు, రుమాలు తడిపి తుడిచేది, మేయరు చొక్కా కూడా తుడిచింది ఒకసారి. నేనప్పుడు భూముల కాగితాలు రాసేవాణ్ణి, హద్దులు, బావులు, అన్నదమ్ముల పాళ్ళు. సరిహద్దు నది దాటి వచ్చి ఇవతల పట్టుబడిన పిల్లల్ని ఊరి చివర షెల్టర్లో పెడుతున్నారని తెలిసినప్పుడు ఒఫీలియానే అంది, ఆ పొలాలు వందేళ్ళ నుంచీ అక్కడే ఉన్నాయి అన్సెల్మో, ఇంకో వందేళ్ళు ఎక్కడికీ పోవు, ఆ పిల్లలే రేపుండరు అని. ఆరేళ్ళయింది. దొంగతనం చేసినవాడికి ప్రభుత్వం వకీలుని ఇచ్చి తీరాలి, ఈ పిల్లలకి ఇవ్వాలని ఎక్కడా లేదు, ఆ సంగతి మొదటిసారి ఒఫీలియాకి చెప్పినప్పుడు నమ్మలేదు, మళ్ళీ చదువు, సరిగ్గా చదువు అంది.

ఎనిమిదీ అయిదు. కిటికీ బయట పామ్ చెట్ల తలలు మంచులోంచి మెల్లగా బయటపడుతున్నాయి. వ్యాను లేదు. పందొమ్మిది రోజుల కిందట, శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసుకి ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది, పిల్లల కేసుల పని ఈ క్షణం నుంచి ఆపండి అని. మారిసేలా, నా కూతురంత వయసున్న వకీలు, అప్పుడు ఫోన్లో ఒక పిల్లతో మాట్లాడుతోంది. ఫోను చేత్తో మూసి, ఇప్పుడు నేనీ మాట పూర్తి చెయ్యొచ్చా సార్, చెయ్యకూడదా అని అడిగింది. పూర్తి చెయ్యమన్నాను. తర్వాత బిస్కెట్ల పెట్టెలో తన సామాను సర్దుకుంటూ, ముక్కు చీదుకుంటూ, హసింతా ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. ఇరవయ్యో తారీఖున ఈమె ఒక్కతే ఉంటుంది సార్, అంది. అంతే అంది. నేను జీతానికి పనిచేసేవాడిని కాకపోయినా వకీలునే కదా, ఎవరూ ఆపమనలేదు కదా అనుకున్నాను, ఆఫీసు తరఫున వేసిన వకాల్తా పోయింది, నా సొంత పేరు మీద కొత్తది కావాలి, అంతే. కానీ ఆ కాగితంతోపాటే షెల్టరు గేటు దగ్గర జాబితాలోంచి మా పేర్లు పోయాయి. రెండుసార్లు వెళ్ళాను, గేటు దగ్గర కుర్రమనిషి నా పేరు కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ వెతికి, లేదు సార్ అన్నాడు, ఎండగా ఉందని మంచినీళ్ళిచ్చాడు. ఈ పందొమ్మిది రోజులూ ఆ పిల్లకి ఎవరేం చెప్పారో నాకు తెలీదు. నేనెందుకు రావడం లేదనుకుంటోందో తెలీదు.

కాదు, తెలుసు. అదే నన్ను తినేస్తోంది. మొదటిసారి షెల్టర్లో ఆ పిల్లని గదిలోకి పంపినప్పుడు, ఊదారంగు స్వెట్టరు, కాళ్ళకి పెద్దవైపోయిన బూట్లు, నా ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని తల వంచి నిలబడింది. నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. పేరేంటన్నాను. స్పీకరు ఫోన్లోంచి దుబాసీ, వాళ్ళ ఇషిల్ భాషలో మాట్లాడే పెద్దావిడ, నా మాట తిప్పి చెప్పింది. జవాబు లేదు. భయపడుతోందనుకున్నాను, ఫైల్లో అలాగే రాశాను, పిల్ల భయంగా ఉంది, మాట్లాడటం లేదు. మూడు వారాలు అదే రాశాను. చదువుకున్నవాళ్ళు చేసే తప్పు అది, మనకి అర్థం కానిదానికి భయం అని పేరు పెట్టేస్తాం. ఆఖరికి చర్చి వెనకాల గాస్పర్‌ని అడిగాను. గాస్పర్ ఆ కొండల మనిషే, పాతికేళ్ళ నుంచీ ఇక్కడ ఉల్లితోటల్లో పని, ఆదివారాలు చర్చి ఊడుస్తాడు. చీపురు గోడకి ఆనించి నావైపు తిరిగాడు.

"పిల్ల తల వంచిందా? మరి మీరు చెయ్యి పెట్టారా?"

ఎక్కడ అన్నాను.

"తల మీద. ఎక్కడేంటి సార్. పెద్దాళ్ళు కనపడితే పిల్లలు తల వంచుతారు, పెద్దాళ్ళు నడినెత్తిన చెయ్యేస్తారు. అప్పుడే పలకరింపు అయినట్టు. మీరు వెయ్యలేదంటే ఆ పిల్ల మూడు వారాల నుంచీ గుమ్మంలోనే నిలబడి ఉంది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఇంటి సంగతులేం చెప్తుంది?"

మర్నాడు వేశాను. రెండు సెకన్లు, నడినెత్తిన, వెంట్రుకలు సబ్బు వాసనతో ఇంకా తడిగా ఉన్నాయి. పిల్ల తలెత్తింది, కుర్చీ లాక్కుని కూర్చుంది, ఒక గంటా పది నిమిషాలు చెప్పింది. గరిట, అమ్మమ్మ, పొరుగింటివాళ్ళ దుప్పటి, నది. ఆ గదిలో తలుపు మీద కెమెరా ఉంది. సాయంత్రం పిలిచారు. షెల్టర్లో ఏ పెద్దవాళ్ళూ ఏ పిల్లనీ తాకకూడదు, గోడ మీద రాసే ఉంటుంది, నేనూ వందసార్లు చదివినదే. ఆ నిబంధనని నేను తప్పుపట్టను, దాన్ని అవసరం చేసిన చేతులు ఎక్కడెక్కడో ఉన్నాయి, అలాంటి చేతుల కథలు నా ఫైళ్ళలోనే ఉన్నాయి. గాస్పర్ చెప్పింది చెప్పాను. డైరెక్టరు మంచావిడ, అంతా విని, అర్థమైంది కానీ కెమెరాకి అర్థం కాదు దోన్ అన్సెల్మో అంది. ఇంకోసారి జరిగితే పిల్లల కేసుల దగ్గరికే రాననీ, వాళ్ళు నా మీద ఫిర్యాదు రాసి పంపితే ఒప్పుకుంటాననీ సంతకం పెట్టాను. సాక్షిగా వార్డెన్ ఎర్మిలా పెట్టింది. అప్పుడు నా చేతిలో ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు.

ఆ తర్వాతి వారం హసింతా వచ్చింది. నన్ను చూసి నవ్వింది, అదే మొదటిసారి నవ్వడం, వచ్చి చేతులు కట్టుకుని తల వంచింది. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. కుడి జేబులో ఇంటి తాళాలు. వాటిని గట్టిగా పట్టుకున్నాను. దుబాసీతో చెప్పించాను, ఇక్కడ తాకకూడదమ్మా, అది నియమం అని. ఆవిడ చెప్పింది. పిల్ల తల ఎత్తలేదు. ఎంతసేపో తెలీదు, గోడ గడియారం లేని గది అది. తర్వాత వెనక్కి నాలుగడుగులు వేసి, గోడకి ఆనుకుని నిలబడింది, ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చే వారం ఏదో ఉపాయం ఆలోచిద్దామనుకున్నాను. వచ్చే వారం లేదు, శుక్రవారం కాగితం వచ్చింది. తర్వాత గాస్పర్‌ని మళ్ళీ అడిగాను, పలకరింపు తీసుకోకపోతే ఏమవుతుందని. ఏమీ అవదు సార్ అన్నాడు, పెద్దాయనకి కోపం వచ్చిందనుకుంటారు, ఆయన పిలిచేదాకా ఇంక ఆయన దారికి అడ్డం రారు, అది మర్యాద.

ఎనిమిదీ పద్దెనిమిది. గుమాస్తా వచ్చి గోడ మీద జాబితా అంటించి వెళ్ళాడు, హసింతా పేరు రెండోది. రెండోది. అయిదోదో ఆరోదో అయుంటే ఇంకో అరగంట ఉండేది. వెండింగ్ మెషీన్లో ఒక బిస్కెట్ ప్యాకెట్టు నొక్కితే రెండు పడ్డాయి, రెండోది జేబులో వేసుకున్నాను, అదే కుడి జేబు, అవే తాళాలు. నా చేతిని చూసుకుంటున్నాను. ముసలి చెయ్యి, వేళ్ళ కణుపులు లావెక్కాయి. ఈ చెయ్యి ఆ పిల్ల తల మీద పడటానికి ముందు ఎవరి తలనీ తాకి రెండేళ్ళు. ఒఫీలియాకి మందులు మొదలయ్యాక జుట్టంతా పోయింది, పోవడం కాదు ఆవిడకి బాధ, నెత్తి మీద చర్మం మంట, దిండు తగిలినా, గాలి తగిలినా మంట. నేను పక్కన కూర్చుని చెయ్యి వెయ్యాలా వద్దా తెలీక ఆవిడ తలకి బెత్తెడు పైన గాల్లో పట్టుకుని ఉండేవాణ్ణి. కళ్ళు మూసుకునే అనేది, ఏం ఫాదర్, దీవిస్తున్నారా, చెయ్యి నొప్పెట్టదా. నొప్పెట్టదనేవాణ్ణి. ఒక్కోసారి, మంట తగ్గినప్పుడు, ఆవిడే దిండు మీంచి తల రవ్వంత ఎత్తి నా అరచేతికి ఆనించేది. ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో ఆవిడిష్టం. నేను చెయ్యి కదిపేవాణ్ణి కాదు. ఆ రవ్వంత బరువు. ఇప్పుడిది ఎందుకు గుర్తొస్తోంది, వ్యాను గురించి కదా ఆలోచించాలి, ఎనిమిదీ ఇరవై మూడు, మంచు విడిపోయింది కదా, ఎక్కడ ఆగిపోయింది.

వచ్చింది. ముందు బూట్ల చప్పుడు, ఎనిమిది మంది పిల్లలు, ఒకరి వెనక ఒకరు, ముందు ఎర్మిలా, చేతుల నిండా పిల్లల కోట్లు. జడలన్నీ కొత్తగా వేసి ఉన్నాయి, పొద్దున్నే లేచి అందరికీ తనే వేసి ఉంటుంది, తాకకూడదన్న నిబంధనలో జడలు లెక్కలోకి రావని ఎవరో దయగలవాళ్ళు రాసి ఉంటారు. నేను లేచాను. నా పేరు జాబితాలో లేదని ఆవిడకి తెలుసు, నాకు తెలుసని కూడా తెలుసు.

"లాయరుగారూ, వద్దండి. మాట్లాడనిచ్చానని తెలిస్తే నా పని పోతుంది, ఇంట్లో చదువుకునేవాళ్ళు ఇద్దరున్నారు."

ఒక్క సంతకం అన్నాను. లోపల జడ్జిగారినే అడగండి, నన్నడగకండి అంది. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకేమీ అనలేకపోయాను. హసింతా నాలుగోది. ఊదారంగు స్వెట్టరు, బూట్లు ఇప్పుడు సరిపోయాయి, ఎవరో మార్చారు. నేనే, హసింతా, అన్నాను. ఆ మాత్రం స్పానిష్ ఆ పిల్లకి వచ్చు. నా బూట్ల వైపు చూసింది, పక్కకి తప్పుకుని, నాకు దారి వదిలి, గోడవారగా నడిచి లోపలికి వెళ్ళిపోయింది. తల వంచలేదు. కోపమా, మర్యాదా. వకాల్తా కాగితం నా చేతిలో చెమటకి మెత్తబడింది.

లోపల చల్లగా ఉంది. జడ్జిగారి బల్ల అంచున రంగు పెన్సిళ్ళ బుట్ట, అది ఆవిడ సొంత డబ్బుతో కొన్నదని గుమాస్తా ఒకసారి చెప్పాడు. మొదటి కేసు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. హసింతా పేరు పిలిచారు. పిల్ల ఒక్కతే నడిచి వెళ్ళి బల్ల ముందు నిలబడింది. నేను కఠినంగా పెట్టుకున్న గొంతుతో, ఈమె తరఫున హాజరు కావడానికి అనుమతి కోరుతున్నాను అన్నాను. మీ వకాల్తా మీద సంతకం లేదే అన్నారు జడ్జిగారు. కారణం చెప్పాను. సరే, పిల్లనే అడుగుదాం అన్నారు. స్పీకర్లోంచి దుబాసీ గొంతు, అదే పెద్దావిడ, ఇన్ని వందల మందిలో అదే ఆవిడ. జడ్జిగారు అడిగారు, హసింతా, ఈయన నీ తరఫున మాట్లాడాలని నీకుందా?

హసింతా చేతులు కట్టుకుంది. జడ్జిగారి వైపు తల వంచింది. అలాగే ఉంది.

మళ్ళీ అడిగారు. ప్రభుత్వ వకీలు కాగితం తిప్పాడు. గుమాస్తా కీబోర్డు ఆగిపోయింది. మూడోసారి అడగబోతూ జడ్జిగారు కళ్ళజోడు తీసి, పిల్లకి ఇష్టం లేదేమో కంతూగారూ, మౌనాన్ని నేను అవునని రాసుకోలేను అన్నారు. ఆవిడన్నది న్యాయమే. ఆ పదకొండు మంది పిల్లలు, షెల్టర్లో నేను పెట్టిన ఆ సంతకం, నా చేతులు మళ్ళీ జేబుల్లోనే ఉన్నాయని అప్పుడు తెలిసింది. స్పీకర్లోంచి దుబాసీ ఆవిడ మాట వినపడింది, ఎవరూ అడక్కుండా దుబాసీ మాట్లాడకూడదు, ఎన్నేళ్ళ నుంచో ఆ పనిలో ఉన్న మనిషి, ఆవిడకి తెలుసు.

"క్షమించాలి అమ్మా. నాకు కనపడదు కదా, అందుకని అడుగుతున్నా. పిల్ల తల వంచుకుని ఉందా?"

ఉందన్నారు జడ్జిగారు.

"అయితే జవాబు కోసం చూస్తోంది. ఎవరైనా తల మీద చెయ్యి వెయ్యాలి. వేస్తేగాని మాట్లాడదు."

జడ్జిగారు ఎర్మిలా వైపు చూశారు, ఎర్మిలా నేల వైపు చూసింది. షెల్టరు నిబంధనని నేను తీసెయ్యలేను అన్నారు జడ్జిగారు మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు, మెట్లు దిగి నేనూ రాలేను. నేను కుడిచెయ్యి జేబులోంచి తీశాను. తాళాలు కిందపడ్డాయి. రెండడుగులు వేసి పిల్ల పక్కన నిలబడి, అరచెయ్యి కిందికి తిప్పి, ఆ పాపిడికి బెత్తెడు పైన గాల్లో ఆపాను. తాకలేదు. తాకను. పిలిచానంతే. ఎర్మిలా వంగి పక్కనున్న పాప బూటు లేసు ముడెయ్యడం మొదలుపెట్టింది, చాలాసేపు వేసింది, ఆ బూట్లకి లేసులు లేవు.

హసింతా తల రవ్వంత ఇటు తిరిగింది. నా బూట్లు చూసింది, ప్యాంటు, చొక్కా, టై, దాని మరక చూసింది. అప్పుడు ఆ పిల్ల మళ్ళీ తల వంచింది, ఈసారి నావైపు. వంచి, బూట్లలో మడమలు పైకెత్తింది. వేళ్ళ మీద నిలబడింది. ఆ బెత్తెడూ తనే ఎక్కి వచ్చింది. నా అరచేతి కింద పాపిడి, గట్టిగా లాగి వేసిన జడ, సబ్బు వాసన, రవ్వంత బరువు.

మాట్లాడింది. ముందు తన పేరు, తర్వాత వాళ్ళమ్మమ్మ పేరు, తర్వాత ఒక పొడుగు వాక్యం. దుబాసీ ఆవిడ ఆగి ఆగి చెప్పింది, ఈ తాతకి నా మీద కోపం పోయింది, నా సంగతి అంతా ఈయనకి తెలుసు, ఈయన చెప్పేటప్పుడు ఏమైనా మర్చిపోతే నేను చెప్తాను అంటోందమ్మా. గుమాస్తా కీబోర్డు మళ్ళీ కదిలింది. ప్రభుత్వ వకీలు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుని, వకీలుగారూ, మీకెంత గడువు కావాలి అని అడుగుతున్నారు. చెప్పాలి. మూడు నెలలు అని చెప్పాలి, నోటి చివరే ఉంది. హసింతా మడమలు ఇంకా దిగలేదు. నేను చెయ్యి కదపలేదు.